క్రూయిజ్ ఓడలోకి మన వైన్ సీసా: గుంటూరులో సర్దుకోవడం నుంచి క్యాబిన్‌లో తెరవడం దాకా

ముందే సూటిగా చెప్పేస్తాను. చాలా క్రూయిజ్ ఓడల్లోకి పెద్దవాళ్ళు మనిషికి ఒక వైన్ సీసా, 750 మిల్లీలీటర్లది, సీలు తీయనిది, ఓడ ఎక్కే రోజున చేతి సంచిలో పెట్టుకుని వెళ్ళొచ్చు. కొన్ని ఓడల్లోకి ఒక్క సీసా కూడా కుదరదు. విస్కీ, బ్రాందీ, వోడ్కాల మాట పెద్ద కంపెనీల దగ్గర ఎత్తనక్కర్లేదు, వాటిని పట్టుకుంటే తీసేసుకుంటారు. ఈ మూడు ముక్కలు తెలియక మన వాళ్ళు ఇబ్బంది పడటం చూశాను. నేనూ ఒకసారి పడ్డాను, ఆ సంగతి కింద చెప్తాను.

మాది గుంటూరు, బ్రాడీపేట. ఇక్కడా బెజవాడలోనూ ఇప్పుడు క్రూయిజ్ అంటే దూరపు మాట కాదు. ఇంటికొకరు చొప్పున అమెరికాలో ఉన్నారు, వాళ్ళు అమ్మానాన్నల్ని తీసుకెళ్ళి ఓడ ఎక్కిస్తున్నారు. ఇంకొందరు సింగపూర్ ప్యాకేజీలో మూడు నాలుగు రాత్రులు ఓడలో గడుపుతున్నారు. మా బావగారు (ఆయనది బెజవాడ, పటమట) పెళ్ళయి ముప్పై ఏళ్ళయిన సందర్భంగా అక్కతో సింగపూర్ నుంచి ఓడ ఎక్కే ముందు నాకు ఫోన్ చేసి అడిగింది ఇదే: "ఒరేయ్, ఓడలో వాళ్ళు పోసేది కాకుండా మనకు నచ్చింది పట్టుకెళ్ళొచ్చంటగా, ఎట్లా?" ఆయనకు ఆ రోజు గంటసేపు చెప్పినదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటి పని: టికెట్ కొనకముందే మద్యం నిబంధన చదవండి

ప్రతి క్రూయిజ్ కంపెనీ వెబ్‌సైట్‌లోనూ ఆల్కహాల్ పాలసీ అని ఒక పేజీ ఉంటుంది. ట్రావెల్ ఏజెంటు "ఏం పర్లేదండీ, తీసుకెళ్ళండి" అంటే నమ్మకండి, ఆ పేజీ తెరిచి మీ కళ్ళతో చదవండి. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి బయలుదేరే వారం ముందు ఇంకోసారి చూడండి.

నాకు తెలిసిన వాటి లెక్క ఇలా ఉంది. రాయల్ కరీబియన్, కార్నివాల్ ఓడల్లో మనిషికి ఒక సీసా, అదీ ఎక్కే రోజు మాత్రమే. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా వాళ్ళు కూడా మనిషికి ఒకటి ఊరికే రానిస్తారు, అంతకంటే ఎక్కువ తెస్తే సీసాకింత అని కార్కేజ్ అనే రుసుము కట్టించుకుని రానిస్తారు. నార్వేజియన్ వాళ్ళది వేరే పద్ధతి: ఎన్ని సీసాలైనా తెచ్చుకోండి, కానీ మొదటి సీసా నుంచే ఒక్కోదానికి 15 డాలర్లు, లీటరున్నర పెద్ద సీసా అయితే 30 డాలర్లు, మీరు దాన్ని క్యాబిన్‌లో తాగినా సరే కట్టాల్సిందే. డిస్నీ ఓడలు ఈ విషయంలో పైవాళ్ళకంటే ఉదారం, మనిషికి రెండు వైన్ సీసాలు గానీ ఆరు బీర్లు గానీ, ఎక్కే రోజే కాదు, మధ్యలో ఓడ ఆగిన ప్రతి ఊళ్ళోనూ తెచ్చుకోవచ్చు. ఎంఎస్‌సీ ఓడల్లో మాత్రం బయటి మద్యం కుదరదు.

కార్కేజ్ అనే మాట చాలామందికి కొత్త. మన సీసాను వాళ్ళ బల్ల మీద తెరిచి, వాళ్ళ గ్లాసుల్లో పోసినందుకు వాళ్ళు తీసుకునే రుసుము అది. అయితే పైన చెప్పినట్టు కొన్ని కంపెనీలు దాన్ని గుమ్మం దగ్గరే వసూలు చేస్తాయి. రాయల్ కరీబియన్‌లో మీ ఉచిత సీసాను క్యాబిన్‌లో తాగితే రుసుము లేదు, రెస్టారెంటుకు పట్టుకెళితే 15 డాలర్లు.

మన దేశపు ఓడ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కార్డీలియా వాళ్ళ ఎంప్రెస్ ఓడ 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకు వచ్చినప్పుడు మన జిల్లాల నుంచి కూడా జనం వెళ్ళారు. దాంట్లోకి బయటి మద్యం తీసుకెళ్ళనివ్వరు, వైన్ కూడా. ఆ ఓడ ఒకప్పుడు రాయల్ కరీబియన్‌దే, పాత పేరు ఎంప్రెస్ ఆఫ్ ది సీస్. అందుకని నెట్‌లో వెతికితే పాత కంపెనీ నిబంధనలూ పాత యాత్రికుల అనుభవాలూ వచ్చి పడతాయి, అవి చదివి ఇక్కడా సీసా నడుస్తుంది అనుకోకండి. ఓడ పేరు కాదు, ఇప్పుడు దాన్ని నడిపే కంపెనీ ఎవరో చూడాలి.

వయసు కూడా ఇక్కడే చూసుకోండి. అమెరికా నుంచి బయలుదేరే ఓడల్లో 21 నిండాలి. రాయల్ కరీబియన్ సింగపూర్ నుంచి నడిపే ఓడల్లో 18 చాలు. ఇంజనీరింగ్ మూడో ఏడాది చదివే అబ్బాయిని లెక్కలో కలుపుకుని నలుగురికి నాలుగు సీసాలు అనుకుంటే అమెరికాలో, టెక్సస్‌లోని గాల్వెస్టన్ లాంటి రేవులో కుదరదు, అతని పేరు మీద సీసా రాదు.

రెండో పని: తీసుకెళ్ళడం మీకు కలిసొస్తుందా అని లెక్కేసుకోవడం

750 మిల్లీలీటర్ల సీసాలో 150 మిల్లీలీటర్ల గ్లాసులు అయిదు వస్తాయి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ తాగేవాళ్ళయితే రెండు సీసాలు, పది గ్లాసులు, అంటే అయిదు రాత్రులు తలా ఒక గ్లాసు. నాలుగైదు రాత్రుల ప్రయాణానికి సరిగ్గా సరిపోతుంది. ఓడ బార్‌లో ఒక గ్లాసు వైన్ పది డాలర్ల పైమాటే, దాని మీద సర్వీసు కింద రాయల్ కరీబియన్ వాళ్ళు 18 శాతం కలుపుతారు. 15 డాలర్ల కార్కేజ్‌ను డాలరుకు 85 రూపాయలు చొప్పున వేసుకున్నా 1,275 రూపాయలు. బయట రెండు వేలకు కొన్న సీసాకు ఇది కలిపినా, అదే సీసాను ఓడలో కొనే ధర కంటే మామూలుగా తక్కువే పడుతుంది. అయిదొందల సీసాకు పన్నెండొందలు కార్కేజ్ కట్టడం మాత్రం దండగ.

మన ఇళ్ళలో ఇంకో సంగతి ఉంటుంది. భర్త తాగుతాడు, భార్య ముట్టదు. డ్రింక్ ప్యాకేజీ (రోజుకింత అని ముందే కట్టేసి ఓడలో తాగే పద్ధతి) కొందామంటే రాయల్ కరీబియన్, కార్నివాల్ రెండింటిలోనూ ఒకే క్యాబిన్‌లో ఉన్న పెద్దవాళ్ళలో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే మిగతావాళ్ళూ కొనాలి. తాగని మనిషికి రోజూ డబ్బు కట్టడం ఎందుకు? అలాంటి జంటకు సొంత సీసానే నయం. ఆవిడకు సోడాలూ జ్యూసులూ విడిగా కొనుక్కుంటే సరిపోతుంది. రోజుకు నాలుగైదు పెగ్గులు వేసేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకు ఈ ఒక్క సీసా ఎటూ చాలదు, ప్యాకేజీ లెక్క చూసుకోవాలి.

డబ్బు సంగతి ఎలా ఉన్నా నేను మాత్రం నాకు నచ్చిన సీసా కోసమే తీసుకెళతాను. ఓడలో ఉండే వైన్ పట్టికలో మన కారపు నోటికి సరిపడేవి తక్కువ. ఇద్దరం బాల్కనీలో కూర్చుని, కింద నీళ్ళ చప్పుడు వింటూ, ఊళ్ళో ఉన్నప్పుడే "ఇది అక్కడ తెరుద్దాం" అనుకున్న సీసా తెరవడంలో ఉండే సంతోషం నాకు చాలా విలువైనది.

మూడో పని: ఎక్కడ కొనాలి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

గుంటూరు, విజయవాడల్లో వైన్ షాపు అంటే మందు కొట్టు. అక్కడ బ్రాందీ, విస్కీ, బీరు వరసలు ఉంటాయి, అసలు వైన్ ఒక మూలన నాలుగు సీసాలుంటే గొప్ప. ఆ నాలుగూ ఎండాకాలం ఏసీ లేని కొట్టులో ఎన్ని నెలలు నిలబడ్డాయో చెప్పలేం. మన దగ్గర మే నెల ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. వైన్‌కు వేడి పడదు, కొన్నాళ్ళు ఆ వేడిలో ఉంటే రుచి ఉడికిపోయినట్టు అవుతుంది, బిరడా పైకి తన్నుకొస్తుంది. కాబట్టి ఇక్కడే కొనాలనుకుంటే సరుకు బాగా కదిలే పెద్ద ఏసీ షాపులో కొనండి, సీసా మూతి దగ్గర జిగురుగా కారిన మరక ఉంటే వదిలేయండి, ఎక్సైజ్ లేబుల్ చూడండి, బిల్లు అడిగి తీసుకోండి.

"హైదరాబాద్‌లో మంచివి దొరుకుతాయిగా, మావాడు వస్తూ తెస్తాడు" అంటారు చాలామంది. వద్దు. ఇంకో రాష్ట్రంలో పన్ను కట్టిన సీసా మన రాష్ట్రంలో పన్ను కట్టని సీసా కిందే లెక్క. హైవే మీద గరికపాడు చెక్‌పోస్టు దగ్గర కార్లు ఆపి చూస్తారు. ఒక్క వైన్ సీసా కోసం పెళ్ళి రోజు ప్రయాణానికి ముందు కేసు టెన్షన్ ఎందుకు? ఇటు నుంచి అటు శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు రోడ్డున వెళ్ళేటప్పుడూ ఇదే మాట, డిక్కీలో సీసాలు పెట్టుకుని వెళ్ళకండి.

సింగపూర్ నుంచి ఓడ ఎక్కేవాళ్ళకు తేలిక దారి ఉంది. హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో నేరుగా సింగపూర్ వెళ్ళే విమానమైతే, ఇమిగ్రేషన్ దాటాక డ్యూటీ ఫ్రీలో కొనుక్కోండి, సీలు చేసిన కవర్‌లో ఇస్తారు, చేతిలో పట్టుకుని ఎక్కొచ్చు. మధ్యలో కొలంబోలోనో కౌలాలంపూర్‌లోనో విమానం మారేవాళ్ళకు అక్కడ మళ్ళీ సెక్యూరిటీ తనిఖీ ఉంటుంది, కవర్ సీలు చింపినా, బిల్లు లేకపోయినా సీసా పోతుంది. అంతకంటే సుఖం చాంగీ విమానాశ్రయంలో దిగాక కొనడం. అక్కడ వచ్చే ప్రయాణికులకు కూడా బెల్టు దగ్గర డ్యూటీ ఫ్రీ షాపు ఉంటుంది. 18 నిండి, అంతకుముందు 48 గంటలైనా సింగపూర్ బయట ఉండి, మలేషియా నుంచి కాకుండా వచ్చినవాళ్ళకు వైన్ ఒక్కటే అయితే రెండు లీటర్ల దాకా పన్ను లేదు. అంటే మనిషికి రెండు సీసాలు లోపలే. మా బావగారు ఇలాగే చేశారు, గన్నవరం నుంచి ఒక్క సీసా కూడా మోయలేదు.

అమెరికాలో ఎక్కేవాళ్ళయితే అక్కడే కొనండి, ఇక్కడి నుంచి సీసా మోసుకెళ్ళడంలో అర్థం లేదు. (పిల్లలకు నాసిక్ వైన్ రుచి చూపించాలని ముచ్చటగా ఉంటే ఒక సీసా చెక్-ఇన్ సామానులో పెట్టండి, 21 నిండిన మనిషికి ఒక లీటరు దాకా కస్టమ్స్ పన్ను ఉండదు.) డాలస్‌లో మన తెలుగువాళ్ళు ఎక్కువ కదా, వాళ్ళలో చాలామంది అయిదు గంటలు కారు నడిపి గాల్వెస్టన్ వెళ్ళి ఓడ ఎక్కుతారు. వాళ్ళకొక హెచ్చరిక. టెక్సస్‌లో మద్యం దుకాణాలు ఆదివారం తెరవరు, సూపర్‌మార్కెట్లలో కూడా ఆదివారం వైన్ అమ్మకం ఉదయం 10 గంటలకు గానీ మొదలవదు. ఓడ ఆదివారం అయితే పోర్టు దారిలో కొందాంలే అనుకోకుండా శనివారమే కొని పెట్టుకోండి.

నాలుగో పని: ఏ వైన్

మనిషికి ఒక్క సీసానే అన్నప్పుడు ఎంపిక ముఖ్యం. నా మాట గట్టిగా చెప్తున్నాను: మన నోరు గుంటూరు నోరు, దానికి తగ్గది తీసుకోండి.

ఖరీదైన రెడ్ వైన్ అంటే గొప్ప అనుకుని కాబర్నే సావిన్యాన్ లాంటివి కొంటారు. దాంట్లో ఆల్కహాల్ 14 శాతం చుట్టుపక్కల ఉంటుంది, పైగా టానిన్ అనే వగరు ఉంటుంది, మన తమలపాకులో వక్క కొరికినప్పటి వగరు లాంటిది. మిరపకాయ మంటకు కారణం కాప్సైసిన్ అనే పదార్థం. ఆల్కహాల్ ఎక్కువున్న పానీయం తాగితే ఆ మంట తగ్గదు, రాజుకుంటుంది. దాని మీద వగరు కూడా కలిస్తే నోరంతా చేదు. మెనూలో ఉన్న చప్పిడి స్టేక్‌తో ఆ వైన్ అద్భుతంగా ఉండొచ్చు, మనం పక్కన కారప్పొడి చల్లుకుని తినేటప్పుడు మాత్రం కాదు.

మంటకు మందు కాస్త తీపి, చల్లదనం, తక్కువ ఆల్కహాల్. జర్మనీ రీస్లింగ్ అనే వైట్ వైన్‌లో కబినెట్ అని రాసి ఉన్నది వెతకండి, అది మామూలుగా తేలిగ్గా ఉంటుంది, కొద్దిగా తీపి, నిమ్మకాయ పులుపు. మన పులిహోర తిన్న నాలుకకు అది చుట్టంలా అనిపిస్తుంది. తీపి ఇంకాస్త ఇష్టమైతే ఇటలీ మోస్కాటో ద అస్తి, ఆల్కహాల్ 5 శాతం చుట్టుపక్కలే, కొత్తగా రుచి చూసేవాళ్ళకు బాగుంటుంది. నాసిక్ వైపు చేసే చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ కూడా మన కూరలతో సర్దుకుపోతుంది. రెడ్డే కావాలంటే వగరు తక్కువున్న పినో న్వార్ తీసుకుని, తాగే ముందు ఒక అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. పెళ్ళి రోజు లాంటి సందర్భమైతే షాంపేన్ గానీ ఏదైనా స్పార్క్లింగ్ గానీ, వాటిని కూడా వైన్ కిందే లెక్కపెట్టి రానిస్తారు.

సీసా గురించి మూడు షరతులు. గాజు సీసా, 750 మిల్లీలీటర్లు, సీలు చెక్కు చెదరనిది. అట్టపెట్టెలో వచ్చే బాక్స్ వైన్ వద్దు. ఇంట్లో మన పెద్దవాళ్ళు నల్లద్రాక్షతో పెట్టుకున్న వైన్ ఎంత బాగున్నా ఓడలోకి రానివ్వరు. బిరడా కంటే తిప్పుడు మూత ఉన్న సీసా అయితే ఓపెనర్ కోసం వెతుక్కునే బాధ ఉండదు. తిప్పుడు మూత అంటే చవక సరుకు అనుకోకండి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల మంచి వైన్లు చాలావరకు ఆ మూతతోనే వస్తాయి.

పచ్చళ్ళ మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే సీసాతో పాటు ఆవకాయ జాడీ కూడా సర్దుతాం. క్రూయిజ్ కంపెనీలు మామూలుగా ఇంట్లో చేసిన తిండి ఒప్పుకోవు, ఫ్యాక్టరీ ప్యాకింగ్‌తో సీలు ఉన్నవే తీసుకెళ్ళాలి. కాబట్టి అమ్మ పెట్టిన ఆవకాయ బదులు సీలు చేసిన సీసా, కారప్పొడి ప్యాకెట్ కొనుక్కోండి. సింగపూర్‌కు కోడి పచ్చడి, రొయ్యల పచ్చడి లాంటివి అసలు వద్దు.

అయిదో పని: సర్దడం

డ్యూటీ ఫ్రీ కాకుండా బయట కొన్న సీసా విమానంలో చేతి సంచిలో వెళ్ళదు, 100 మిల్లీలీటర్ల నిబంధన ఉంది. చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. ముందు సీసాను గట్టి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మూతి కట్టేయండి, పగిలినా తడి బయటికి రాకుండా. దాని మీద బబుల్ షీటు, కొరియర్ ఆఫీసుల్లో అడిగితే ఇస్తారు. దాని మీద పాత లుంగీ గానీ తువ్వాలు గానీ గట్టిగా చుట్టండి. పెట్టె మధ్యలో, నాలుగు పక్కలా బట్టలు వచ్చేలా, సీసా ఏ గోడకూ తగలకుండా పెట్టండి. రెండు సీసాలుంటే ఒకదానికొకటి తగలకూడదు, మధ్యలో చీరల మడత పెట్టండి, అయితే పట్టుచీర మాత్రం ఆ పెట్టెలో వద్దు.

గుంటూరు నుంచి గన్నవరం దాకా కారులో వెళ్ళేటప్పుడు ఎండాకాలమైతే సీసాలున్న పెట్టెను డిక్కీలో కాకుండా లోపల ఏసీలో పెట్టుకోండి. దారిలో టిఫిన్‌కు ఆగి కారు ఎండలో వదిలేస్తే అంతా వృథా.

ఆరో పని: ఓడ ఎక్కే రోజు

ఇప్పుడు నా సంగతి. మొదటిసారి మా అబ్బాయి దగ్గరికి డాలస్ వెళ్ళినప్పుడు గాల్వెస్టన్‌లో ఓడ ఎక్కాం. రెండు సీసాలు, నిబంధన ప్రకారమే, మనిషికి ఒకటి. వాటిని పైన చెప్పినట్టు చక్కగా చుట్టి పెద్ద సూట్‌కేసులో పెట్టి, పోర్టు బయట పోర్టర్ చేతికి ఇచ్చేశాను. విమానం అలవాటు, సీసా అంటే పెద్ద పెట్టెలోనే కదా అని. ఆ పెట్టె స్కానింగ్‌లో ఆగిపోయింది. సాయంత్రం అందరి సామాన్లూ గుమ్మాల ముందు ఉన్నాయి, మాది లేదు. మా ఆవిడ ఆ రాత్రి భోజనానికి కట్టుకోవాలని ప్రత్యేకంగా తెచ్చుకున్న చీర దాంట్లోనే ఉంది. తొమ్మిదింటికి కింద సెక్యూరిటీ గదికి పిలిచి పెట్టె తెరిపించారు, పెట్టె ఇచ్చారు, సీసాలు ఇవ్వలేదు. చేతి సంచిలో తెస్తే ఏ ఇబ్బందీ లేకపోయేది. ఆవిడ ఏమీ అనలేదు గానీ, ప్రయాణపు బట్టలతోనే ఆ మొదటి రాత్రి భోజనం చేయడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాబట్టి గుర్తుంచుకోండి: విమానానికి పెద్ద పెట్టె, ఓడకు చేతి సంచి. ఓడ ఎక్కే రోజు పొద్దున హోటల్‌లోనే సీసాలను పెద్ద పెట్టె నుంచి తీసి చేతి సంచిలోకి మార్చండి. ఇద్దరుంటే ఎవరి సీసా వాళ్ళ సంచిలోనే ఉంచండి, ఒకరి సంచిలోనే రెండూ కనిపిస్తే అనవసరపు ప్రశ్నలు. స్కానింగ్ దగ్గర వాళ్ళు అడగకముందే "వైన్ ఉంది, ఒకటి" అని చెప్పి బయటికి తీసి చూపించండి. కార్కేజ్ అక్కడే కట్టాల్సిన ఓడ అయితే సీసాకు ఒక గుర్తు అంటిస్తారు, దాన్ని పీకేయకండి, తర్వాత రెస్టారెంటులో మళ్ళీ కట్టమంటే అదే సాక్ష్యం. కత్తి ఉన్న ఓపెనర్ విమానంలో చేతి సంచిలో పెట్టొద్దు. అసలు ఓపెనర్ మోయక్కర్లేదు, క్యాబిన్ చూసుకునే మనిషిని అడిగితే ఓపెనరూ గ్లాసులూ తెచ్చిస్తాడు.

మౌత్‌వాష్ సీసాలో వోడ్కా పోసుకుని వెళ్ళడం, షాంపూ సీసాలు, రహస్యపు ప్లాస్టిక్ సంచులు, ఇలాంటివి నెట్‌లో చాలా చెప్తారు. దయచేసి చేయకండి. దొరికితే పారేస్తారు, తిరిగి ఇవ్వరు. కూడా పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్నప్పుడు ఒక సెక్యూరిటీ మనిషి ముందు తలొంచుకుని నిలబడటం ఎవరికీ మంచిది కాదు.

ఏడో పని: లోపలికి వెళ్ళాక

క్యాబిన్‌లో ఉండే చిన్న ఫ్రిజ్ అంతగా చల్లబరచదు. సాయంత్రం తాగాలంటే మధ్యాహ్నమే క్యాబిన్ మనిషిని ఐస్ బకెట్ అడగండి, ఐసులో నీళ్ళు కూడా పోసి సీసాను మెడ దాకా ముంచండి, ఉత్త ఐసు కంటే త్వరగా చల్లబడుతుంది, అరగంట చాలు.

రెస్టారెంటుకు పట్టుకెళ్ళి కార్కేజ్ కడితే సీసా అంతా ఆ రాత్రే అయిపోవాలని లేదు. మిగిలింది వెయిటర్‌కు ఇస్తే మీ క్యాబిన్ నంబరు రాసి దాచి, మరుసటి రాత్రి మీ బల్ల దగ్గరికి తెస్తారు. చాలామందికి ఈ వీలు తెలియక బలవంతంగా పూర్తి చేస్తారు. అలాగే మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో "రేపు మాకు ఇండియన్ వంట కావాలి, కారంగా" అని చెప్పి పెట్టండి, చాలా ఓడల్లో ఒకరోజు ముందు చెబితే చేసి పెడతారు. ఆ రాత్రికి మీ రీస్లింగ్ అట్టేపెట్టుకోండి.

అత్తమామలు, అమ్మానాన్నలు కూడా వచ్చిన ప్రయాణమైతే వాళ్ళ ముందు సీసా పెట్టడం మన ఇళ్ళలో చాలామందికి ఇష్టం ఉండదు. ముందే వాళ్ళ క్యాబిన్ వేరుగా, మీది బాల్కనీతో తీసుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. బాల్కనీ రెయిలింగ్ మీద గ్లాసు పెట్టకండి, గాలికి పడితే కింద అంతస్తుల వాళ్ళకు ప్రమాదం.

ఇంకొకటి, ఇది తప్పకుండా వినండి. సముద్రం మీద తల తిరుగుతుందని మన వాళ్ళు అవోమిన్ లాంటి మాత్రలు వేసుకుంటారు. అవి వేసుకున్న రోజు వైన్ ముట్టకండి, రెండూ కలిస్తే మత్తు విపరీతంగా వస్తుంది, ఊగే ఓడలో మెట్ల మీద పడితే ఎముక విరుగుతుంది. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్ళు బయలుదేరే ముందే మీ డాక్టర్‌ను అడగండి.

చివరి పని: దారిలో కొన్నవి, తిరిగి రావడం

ఓడ ఆగిన ఊళ్ళో మంచి సీసా కనిపిస్తే కొనొచ్చు, కానీ రాయల్ కరీబియన్, కార్నివాల్ లాంటివాటిలో తిరిగి ఎక్కేటప్పుడు దాన్ని తీసుకుని దాచిపెట్టి ప్రయాణం చివర్లో ఇస్తారు. వాళ్ళిచ్చే చీటీ జాగ్రత్త. గాల్వెస్టన్‌లో దిగేవాళ్ళు టెక్సస్ రాష్ట్రపు పన్ను అక్కడే కట్టాలి, అందుకు పోర్టులోనే కౌంటర్ ఉంటుంది. సింగపూర్‌లో దిగేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి: ఓడ మలేషియా నుంచి వస్తుంటే, పెనాంగ్‌లో కొన్న సీసాకు సింగపూర్‌లో పన్ను మినహాయింపు లేదు. కాబట్టి ఇంటికి పట్టుకెళ్ళే సీసా చాంగీలో విమానం ఎక్కే ముందు కొనడమే నయం.

ఇండియాలో దిగేటప్పుడు మనిషికి రెండు లీటర్ల దాకా పన్ను లేదు, అంటే రెండు సీసాలు హాయిగా తేవొచ్చు. హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో దిగి గన్నవరానికి ఇంకో విమానం ఎక్కేవాళ్ళు, డ్యూటీ ఫ్రీ సీసాను ఆ రెండో విమానానికి చెక్-ఇన్ పెట్టెలోకి మార్చుకోండి, చేతిలో ఉంటే దేశీయ సెక్యూరిటీ దగ్గర ఆపేయొచ్చు. డ్యూటీ ఫ్రీ బిల్లును, బోర్డింగ్ పాస్‌ను ఆ సీసా ఖాళీ అయ్యేదాకా దానితోనే ఉంచండి. మా బావగారు రబ్బరు బ్యాండు వేసి సీసా మెడకే కట్టేశారు.